లాబాను లెక్క

వీసా వచ్చినవాళ్ళు చెప్పే సాక్ష్యాలు వినడం నాకు ఇష్టం. ఒహాయోలో, కొలంబస్‌లోని మా తెలుగు సంఘంలో ఏప్రిల్ వచ్చిందంటే ఆరాధన చివర ఒకరిద్దరు తప్పకుండా లేస్తారు. హెచ్-1బి ఉద్యోగ వీసా లాటరీ ఫలితాలు మార్చి నెలాఖరుకు తెలుస్తాయి. "రెండుసార్లు తగల్లేదండీ, ఇదే ఆఖరి అవకాశం, చదువయ్యాక ఇచ్చిన ఓపీటీ అనుమతి అయిపోవస్తోంది, ఊళ్ళో అమ్మ ఉపవాస ప్రార్థనలో ఉంది, దేవుడు కనికరించాడు" అని చెప్పేటప్పుడు ఆ పిల్లల గొంతు పూడుకుపోతుంది. సంఘమంతా స్తోత్రం చెబుతుంది. నేనూ మనస్ఫూర్తిగా చెబుతాను.

ఆ సాక్ష్యాల చివర మాత్రం ఒక మాట వస్తుంది. "మా యజమానిని దేవుడు వాడుకున్నాడు. వాళ్ళ రుణం జీవితాంతం తీర్చుకోలేం." కొన్నిసార్లు ఆ యజమాని నేనే. చుట్టూ ఉన్నవాళ్ళు నా వైపు తిరిగి ఆప్యాయంగా తలూపుతారు. ఆ మాట నాకు మింగుడుపడదు. వినయం కోసం అనడం లేదు. ఆ లెక్కే తప్పని నా నమ్మకం. రుణం ఉంది, నిజమే. అది ఉన్నది వాళ్ళ నెత్తిన కాదు.

మాది చిన్న స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ ఆఫీసు. నాతో, నా భాగస్వామితో కలిపి పదకొండు మందిమి. పార్కింగ్ గ్యారేజీలు, బడి భవనాలు, పాత గోదాముల మరమ్మతులు మా పని. ఇన్నేళ్ళలో మేం వీసా వేసినవాళ్ళలో వరంగల్ అమ్మాయి ఉంది, కాకినాడ అబ్బాయి ఉన్నాడు, ఖాట్మండు నుంచి వచ్చినావిడ ఉంది, కొలంబియా దేశస్థుడు ఒకాయన ఉన్నాడు. నేను గుంటూరులో ఒక లూథరన్ బడిపంతులి కూతుర్ని. రాత్రి భోజనాలయ్యాక నాన్న లాంతరు దగ్గరకు జరుపుకుని ఆదికాండం చదువుతుంటే విని పెరిగినదాన్ని. అందుకే ఈ రుణం సంగతి తేల్చుకోవాలంటే నా మనసు మొదట అక్కడికే వెళ్ళింది.

ముందు ఈ సంతకం ఎంత బరువైందో చెప్పాలి. హెచ్-1బి మీద పనిచేసే మనిషికి ఉద్యోగం పోతే, తనే మానేసినా సరే, దేశంలో ఉండడానికి మహా అయితే 60 రోజులు. ఆ వెసులుబాటు కూడా 2017 నుంచి వచ్చిందే. ఆలోగా ఇంకో యజమాని పిటిషన్ వెయ్యాలి, లేదా వేరే హోదాకు మారాలి, లేదా సామాను సర్దుకోవాలి. భార్య తన మీద ఆధారపడిన హెచ్-4 వీసా మీద ఉంటే ఆవిడ ఉండడమూ దీనితోనే ముడిపడి ఉంటుంది. ఆవిడ ఉద్యోగం చేసుకోవాలంటే సాధారణంగా భర్తకు ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం యజమాని వేసే పిటిషన్, ఆమోదం వచ్చి ఉండాలి. ఆ ఐ-140 వెయ్యాల్సింది నేను. అది ఆమోదమైనా భారతదేశంలో పుట్టినవాళ్ళకు గ్రీన్‌కార్డు క్యూ ఏళ్ళ తరబడి సాగుతుంది. ఏటా ఉద్యోగాల కోటాలో ఉండే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. ఏ దేశానికైనా సాధారణంగా ఏడు శాతానికి మించి ఇవ్వరు. ఆ క్యూలో నిలబడి ఉండగా పిల్లలకు 21 నిండితే వాళ్ళ దారి వాళ్ళు వెతుక్కోవాలి. అంటే ఒక ఇంటి అద్దె ఒప్పందం, కారు అప్పు, పిల్లల బడి, ఊళ్ళో తల్లిదండ్రుల మందుల ఖర్చు, ఇవన్నీ నా బల్ల మీదున్న ఒక ఫారం అడుగున నేను పెట్టే ఇంకు సంతకం మీద ఆధారపడ్డాయి. నేను పొద్దున లేచి చికాకుగా ఉన్నానా, హాయిగా ఉన్నానా అన్నది ఇంకో కుటుంబానికి ముఖ్యమైన విషయం అయిపోతుంది. ఒక మనిషికి ఇంకో మనిషి మీద ఇంత పట్టు ఉండకూడదు. కానీ ఉంది. చట్టం దాన్ని మా చేతిలో పెట్టింది.

చిన్న సంస్థకు ఈ పని తేలికేం కాదు. 25 మందికి మించని కంపెనీలకు కొన్ని ఫీజులు తగ్గిస్తారు: పిటిషన్‌కు 780 డాలర్ల బదులు 460, శిక్షణ నిధికి 1,500 బదులు 750, శరణార్థుల విభాగానికని వసూలు చేసేది 600 బదులు 300. మోసాల నిరోధానికి కట్టే 500 అందరికీ ఒకటే. లాటరీలో పేరు నమోదుకు ఒకప్పుడు 10 డాలర్లు, 2025 నుంచి 215. లాయరుకు ఇచ్చేది వేరు. గ్రీన్‌కార్డు మొదలుపెడితే ముందు పెర్మ్ అనే లేబర్ సర్టిఫికేషన్ ఉంటుంది: రెండు ఆదివారాలు పేపర్లో ప్రకటన వేయాలి, రాష్ట్రప్రభుత్వ ఉద్యోగాల జాబితాలో 30 రోజులు ఉంచాలి, ఆఫీసులో నోటీసు అంటించాలి, అర్హత ఉన్న అమెరికన్లు ఎవరైనా వస్తే నిజాయితీగా ఇంటర్వ్యూ చెయ్యాలి. ఆ ఖర్చు ఉద్యోగి చేత కట్టించకూడదని 2007 నుంచి నియమం. ఐ-140 దగ్గరికి వచ్చేసరికి ఆ జీతం ఇచ్చే స్తోమత నాకుందని రుజువు చూపాలి. వంద మంది, అంతకు మించి ఉన్న కంపెనీల్లో ఆర్థికాధికారి రాసిచ్చే ఉత్తరంతో పని జరిగిపోవచ్చు. మాలాంటివాళ్ళం ట్యాక్స్ రిటర్న్ బయటపెట్టాలి. ఏ ఏడాది లాభం సన్నగిల్లిందో, ఏ ఏడాది మేమిద్దరం జీతం తీసుకోలేదో అన్నీ అందులో ఉంటాయి.

ఇంత చేశాక "నేను వీళ్ళకు జీవితం ఇచ్చాను" అని యజమానికి అనిపించడం సహజమే. 2025 సెప్టెంబరు తర్వాత ఆ భావం ఇంకా పెరిగింది. ఆ నెల 21 నుంచి, దేశం బయట ఉన్నవాళ్ళ కోసం వేసే కొత్త పిటిషన్లకు లక్ష డాలర్లు కట్టమన్నారు. పదకొండు మంది ఉన్న ఆఫీసుకు అది మాట్లాడుకోవాల్సిన అంకె కూడా కాదు. ఇక్కడే చదువుకుని ఇక్కడే ఉన్న పిల్లలకు అది వర్తించదు గనుక మాలాంటివాళ్ళకు వాళ్ళే మిగిలారు. లాటరీని కూడా ఎక్కువ జీతం స్థాయివాళ్ళకు ఎక్కువ అవకాశం వచ్చేలా మార్చారు. చదువు ముగించుకుని కొత్తగా చేరే ఇంజనీరు ఎప్పుడూ కింది మెట్టు మీదే ఉంటాడు. తలుపు ఇరుకైన కొద్దీ తలుపు దగ్గర నిలబడ్డవాడు దేవుడిలా కనిపిస్తాడు. నా భయం అక్కడే.

లాటరీలో దేవుని చెయ్యి ఉందా అని సంఘంలో యువకులు నన్ను అడుగుతుంటారు. అపొస్తలుల కార్యముల మొదటి అధ్యాయంలో యేసును అప్పగించిన యూదా స్థానానికి ఇద్దరిని నిలబెట్టి, ప్రార్థన చేసి, చీట్లు వేశారు. చీటి మత్తీయకు వచ్చింది. రెండో ఆయన యోసేపు, బర్సబ్బా అనేవారు, యూస్తు అని మారుపేరు. ఆయన సంగతి ఆ తర్వాత బైబిల్లో ఎక్కడా లేదు. 2025 మార్చి లాటరీకి అర్హమైన దరఖాస్తులు సుమారు 3 లక్షల 44 వేలు, ఎంపికైనవి లక్షా 20 వేలు. తగిలినవాళ్ళు లేచి సాక్ష్యం చెబుతున్నప్పుడు వెనక వరసలో తగలని పిల్ల ఒకతె తల వంచుకుని పాటల పుస్తకం తిరగేస్తూ ఉంటుంది. దేవుడు ఆమెకూ దేవుడే. చీటిలో ఆయన చిత్తం ఉందో లేదో తీర్పు చెప్పే పని నాది కాదు. ఉందనే అనుకుందాం. అప్పుడు ఇచ్చింది ఆయన. మధ్యలో నాకు వాటా ఎక్కడిది?

ఇక నేను నిజంగా ఇచ్చిందేమిటో చూద్దాం. పిటిషన్‌తోపాటు ఒక ఉత్తరం జతచేస్తాం. అందులో ఏముంటుంది? మా సంస్థ చేసే పని ఇది, దానికి ఈ చదువున్న మనిషి కావాలి, ఈ వ్యక్తికి ఆ చదువుంది, ఆ పని తను చేయగలడు అని ఉంటుంది. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా అది నా అవసరం గురించి నేను ప్రభుత్వానికి ప్రమాణపూర్వకంగా చెప్పుకున్న మాట. అతను దీనుడనీ, దయ చూపమనీ అందులో ఒక్క వాక్యం లేదు. ప్రమాణం చేసి "నాకు ఇతను కావాలి" అని రాసిచ్చి, ఇంటికొచ్చి "నేనే ఇతన్ని ఆదుకున్నాను" అనుకుంటే ఆ రెండు మాటల్లో ఒకటి అబద్ధం అవుతుంది. ఇచ్చే జీతం కూడా నా ఇష్టం కాదు. ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న జీతానికి తగ్గకూడదు. పని లేని రోజుల్లో కూడా ఇవ్వాలి. గడువుకు ముందే నేను తీసేస్తే స్వదేశానికి వెళ్ళే ప్రయాణ ఖర్చు నేనే ఇవ్వజూపాలి. చట్టం చేత ఇప్పించిన దాన్ని దానం అనరు.

ఎల్‌సీఏ నోటీసు అని ఒకటుంటుంది. లేబర్ డిపార్ట్‌మెంటుకు దరఖాస్తు పెట్టేటప్పుడు ఉద్యోగం పేరు, జీతం అంకెతో సహా ఆఫీసులో రెండు చోట్ల పది రోజులు అంటించాలి. మా దగ్గర ఒకటి ప్లాటర్ పక్కన, ఒకటి మైక్రోవేవ్ పైన. మనిషి పేరుండదు. పదకొండు మందే ఉన్నచోట ఎవరిదో చెప్పనక్కర్లేదు. పప్పన్నం వేడిచేసుకునే రెండు నిమిషాలూ ఎవరైనా ఆ కాగితం వైపే చూస్తారు కదా. కాకినాడ అబ్బాయి ఉద్యోగానికి నోటీసు అంటించిన ఆ పది రోజులూ అతను మధ్యాహ్నం తన డబ్బా పట్టుకుని కిందికి వెళ్ళి కారులో కూర్చుని తిన్నాడు. జీతం సంగతి నలుగురికీ తెలియాలన్న ఆ నియమం మంచిదే, అతనికి తక్కువ ఇచ్చి మోసం చేయకుండా ఉండడానికి పెట్టిందే. అయినా తన బతుకు గోడ మీద వేలాడుతుంటే దాని కింద నిలబడి అన్నం తినడం ఎవరికైనా కష్టం. ఆ కష్టం అతను పడ్డాడు, నేను పడలేదు. లెక్క రాసేటప్పుడు ఇలాంటివి ఏ పద్దులోనూ పడవు.

ఇక్కడికొచ్చాక నాకు లాబాను గుర్తుకొస్తాడు.

ఆదికాండంలో యాకోబు తన అన్న కోపానికి భయపడి బెయేర్షెబా విడిచి హారానుకు పారిపోయాడు. చేతిలో ఏమీ లేదు. మేనమామ లాబాను పరుగెత్తుకుంటూ ఎదురొచ్చి, కౌగిలించుకుని, మనం ఒకే రక్తం అన్నాడు. నెల గడిచాక ఎంతో మర్యాదగా అడిగాడు: బంధువువైనంత మాత్రాన ఊరికే పనిచేయడమెందుకు, జీతమేమిటో చెప్పు. చదివేవాడికి లాబాను మంచివాడనే అనిపిస్తుంది. ఆ మంచితనం అబద్ధం అని కూడా నేననను. కానీ ఏడేళ్ళు రాహేలు కోసం కొలువు చేస్తే రాత్రి చీకట్లో లేయాను పంపాడు. ఇంకో ఏడేళ్ళు చేయించుకున్నాడు. ఆ తర్వాత యాకోబు వెళ్ళిపోతానంటే, నీ మూలంగానే దేవుడు నన్ను ఆశీర్వదించాడని నాకు తెలిసింది, ఉండిపో అన్నాడు. ఇంకో ఆరేళ్ళు. జీతం పదిసార్లు మార్చాడు. చివరికి యాకోబు చెప్పకుండా బయల్దేరితే గిలాదు కొండల దాకా వెంటపడి పట్టుకున్నాడు. అక్కడ యాకోబు ఇరవయ్యేళ్ళ కడుపుమంట కక్కేస్తాడు: పగలు ఎండకు మాడాను, రాత్రి మంచుకు వణికాను, కంటికి నిద్ర లేదు, మృగం ఎత్తుకుపోయిన గొర్రెకు కూడా నేనే నష్టం కట్టాను.

దానికి లాబాను ఇచ్చిన జవాబును నేను ఎన్నో ఏళ్ళుగా మనసులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఈ కూతుళ్ళు నా కూతుళ్ళు, ఈ పిల్లలు నా పిల్లలు, ఈ మంద నా మంద, నీ కళ్ళ ముందున్నదంతా నాదే అంటాడు. అతను అబద్ధమాడుతున్నాడని నాకు అనిపించదు. అతను నిజంగానే అలా నమ్ముతున్నాడు. వచ్చినప్పుడు వట్టి చేతులతో వచ్చాడు, నా ఇంట్లో తిన్నాడు, నా పొలిమేరలో పెళ్ళాం పిల్లల్ని సంపాదించుకున్నాడు, కాబట్టి అతనికున్నదంతా నా ఖాతాలోది. మధ్యలో యాకోబు కాసిన మంచు రాత్రులు ఆ ఖాతాలో లేవు. దగా చేసిన లాబానును గుర్తుపట్టడం తేలిక. "అంతా నాదే" అని మనస్ఫూర్తిగా నమ్మిన లాబానును గుర్తుపట్టడం కష్టం, ఎందుకంటే అతను మనలాగే మాట్లాడతాడు. "మనవాడు కదా అని తీసుకున్నాను" అంటాడు. "వీసా వేసి, ఇల్లు చూపించి, డ్రైవింగ్ నేర్పి, పండక్కి పిలిచి అన్నం పెట్టాను" అంటాడు. అవన్నీ నిజమే. ఆ నిజాలన్నీ ఒకవైపే రాసుకున్నాడు, అంతే.

కాకినాడ అబ్బాయి మంచు రాత్రులు నేను చూశాను. ఒక పాత పార్కింగ్ గ్యారేజీ మరమ్మతు మాకు వచ్చింది. ఈ ఊళ్ళలో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు కార్ల చక్రాలతో లోపలికొచ్చి, నీళ్ళతో కలిసి స్లాబులోకి దిగి, లోపలి ఇనుమును తినేస్తుంది. పైకి చూస్తే ఏమీ తెలియదు. సుత్తితో కొట్టి వినాలి. బాగున్న కాంక్రీటు ఖంగున మోగుతుంది, లోపల పొర ఊడినచోట బోలుగా పలుకుతుంది. ఫిబ్రవరిలో, కార్లు వెళ్ళిపోయాక రాత్రిపూట, ఆ అబ్బాయి అంతస్తు తర్వాత అంతస్తు వంగి నడుస్తూ కొట్టి విన్నాడు; బోలుగా మోగినచోటల్లా పసుపు రంగు సుద్దతో చుట్టూ గీత గీసి, దాన్ని పటం మీదికి ఎక్కించాడు. నేను ఒక రాత్రి వెళ్ళి చూస్తే చేతితొడుగు వేళ్ళు కత్తిరించుకుని ఉన్నాడు, సుద్ద పట్టుకోవడానికి వీలుగా. వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. మూడో అంతస్తులో ఒక దూలం దగ్గర మేమెవరం అనుమానించని చోట ఇనుము తెగిపోయి ఉందని పట్టుకున్నది అతనే. ఆ భాగం ఆ వారమే మూయించాం. దాన్నిబట్టే ఆ గ్యారేజీ యజమానులు మిగతా భవనాల పని కూడా మాకే ఇచ్చారు. ఈ ఆఫీసు అద్దె కొన్నేళ్ళు ఆ సుద్ద గీతల మీద నడిచింది. నీ మూలంగానే దేవుడు నన్ను ఆశీర్వదించాడని లాబాను అన్న మాట నేనూ అనాలి. అన్నాక అతనిలా "ఉండిపో" అనకూడదు.

ఐ-140 ఆమోదం వచ్చి ఆరు నెలలు దాటాక ఆ అబ్బాయి నా గదిలోకి వచ్చాడు. ఆ ఆరు నెలలకు అర్థముంది: 180 రోజులు గడిస్తే, ఆ తర్వాత పాత యజమాని పిటిషన్ వెనక్కి తీసుకున్నా, ఆ ఆమోదం ఆధారంగా కొత్తచోట హెచ్-1బి పొడిగించుకోవచ్చు, క్యూలో తన తేదీ పోదు. పెద్ద వంతెనల కంపెనీలో అవకాశం వచ్చిందట. నిలబడే, "క్షమించండి మేడమ్, మీ రుణం తీర్చుకోలేను" అన్నాడు. కూర్చోమన్నాను. కూర్చోలేదు. కళ్ళలో తప్పు చేసిన పిల్లాడి భయం. నాకు బాధేసింది. వెళ్ళిపోతున్నందుకు కాదు, ఆ భయానికి.

నా భాగస్వామి తెనాలి మనిషి. నాకంటే పెద్దవారు. పౌరాణిక నాటకాలంటే ప్రాణం పెడతారు. ఆ సాయంత్రం ఆయన మనసు బాగా నొచ్చుకుంది. "అంగరాజ్యం ఇచ్చినందుకు కర్ణుడు ప్రాణం ఇచ్చాడమ్మా. సాక్షాత్తూ కృష్ణుడొచ్చి నువ్వే జ్యేష్ఠుడివి, రాజ్యం నీదే అన్నా కదల్లేదు. ఉప్పు తిన్న విశ్వాసం అంటే అది. వీళ్ళకేమో 180 రోజులు" అన్నారు. ఆయన నన్ను చెల్లెమ్మా అంటారు. బాధ కలిగినప్పుడు అమ్మా అంటారు.

కర్ణుణ్ణి నేను తక్కువ చెయ్యలేను. తెలుగు దేశంలో పుట్టినవాళ్ళెవరూ చెయ్యలేరు. నేను అడిగిందల్లా దుర్యోధనుడి గురించి. రంగస్థలంలో కృపాచార్యుడు కులం అడిగితే కర్ణుడు తల దించుకున్నాడు, దుర్యోధనుడు అప్పటికప్పుడు రాజుని చేశాడు. బదులు ఏమివ్వమంటావని కర్ణుడు అడిగితే నీ స్నేహం చాలన్నాడు. చాలా గొప్ప క్షణం. కానీ ఆ రోజు దుర్యోధనుడికి అర్జునుడంటే గుండెలో గుబులు ఉంది. అర్జునుడికి దీటైన విలుకాడు అతనికి కావలసి ఉన్నాడు. అవసరం ఇద్దరిదీ. ఆ తర్వాత అన్నేళ్ళలో కర్ణుడు తన రుణాన్ని తలచుకోని రోజు లేదు. "నీ రుణం ఎప్పుడో తీరింది" అని దుర్యోధనుడు ఒక్కసారైనా అన్నాడా? అని ఉంటే కర్ణుడు వెళ్ళేవాడు కాడేమో. అప్పుడు అతను ఉండడం పూర్తిగా అతనిదై ఉండేది. పుచ్చుకున్నవాడి ధర్మం గురించి మన నాటకాల్లో ఎన్నో పద్యాలు విన్నాం. ఇచ్చినవాడికి విడిచిపెట్టే ధర్మం ఒకటుందని మనం అంతగా తలచుకోం.

"స్నేహితుడికి విడుదలేమిటి చెల్లెమ్మా, అదేమన్నా అప్పా?" అన్నారాయన. ఆ మాట నన్ను ఆలోచనలో పడేసింది. నిజమే, స్నేహంలో లెక్కలుండవు. కానీ ఇద్దరిలో ఒకడు వెళ్ళలేని స్థితిలో ఉంటే అది స్నేహమని ఇద్దరూ నమ్మినా పూర్తిగా స్నేహం కాలేదు. వెళ్ళగలిగినవాడు ఉండిపోతేనే కదా ప్రేమ ఎంతో తెలిసేది.

ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయం నాకు దారి చూపింది. అప్పుల పాలై నీకు అమ్ముడుపోయిన సహోదరుడు ఆరేళ్ళు పనిచేస్తే ఏడో ఏట విడిచిపెట్టాలి. విడిచిపెట్టేటప్పుడు వట్టి చేతులతో పంపకూడదు. మందలోంచి, కళ్ళంలోంచి, ద్రాక్షగానుగలోంచి ధారాళంగా ఇచ్చి పంపాలి. మీరూ ఐగుప్తులో దాసులుగా ఉన్నవాళ్ళే, గుర్తుంచుకోండి అని ఉంది. ఆ తర్వాత వచ్చే మాట మరీ లోతైంది: అతన్ని పంపడం నీకు కష్టంగా తోచకూడదు, ఎందుకంటే కూలివాడికి రెండింతల పని అతను నీకు చేశాడు. యజమానికి గుండెలో కలుక్కుమంటుందని ధర్మశాస్త్రానికి ముందే తెలుసు. తెలిసి, ఆ నొప్పికి విరుగుడుగా లెక్క చూపిస్తోంది: నువ్వు ఇచ్చింది తలచుకోకు, నీకు వచ్చింది తలచుకో. యాకోబు లాబానుతో, దేవుడే తోడు లేకపోతే నువ్వు నన్ను వట్టి చేతులతో పంపేవాడివి అన్నాడు. ఈ ఆజ్ఞ చదివినప్పుడల్లా ఆ కొండ మీది మాట నా చెవిలో పడుతుంది.

వీసా మీద ఉన్న ఇంజనీరు దాసుడు కాడు. మంచి జీతం తీసుకునేవాడు, కావాలంటే ఊరికి వెళ్ళిపోగలిగినవాడు. ఆ పోలికను అంతకంటే లాగితే నిజమైన బానిసత్వం అనుభవించినవాళ్ళను అవమానించినట్టవుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ విడుదల ఆజ్ఞ ఇశ్రాయేలీయుడైన సహోదరుడి గురించే. లేవీయకాండం 25వ అధ్యాయంలో పరదేశుల పిల్లల్ని శాశ్వతంగా ఉంచుకోవచ్చని ఉంది. నేను పుట్టుకతో ఈ దేశానికి పరదేశిని, నా దగ్గర పనిచేసేవాళ్ళూ పరదేశులే. ఆ వాక్యం వచ్చినప్పుడు నాన్న కూడా చదవడం ఆపి కాసేపు ఊరుకునేవారు. దాన్ని నేను దాటేసి వెళ్ళిపోలేను, సర్దిచెప్పనూ లేను. అదే ధర్మశాస్త్రంలో, ద్వితీయోపదేశకాండం 24లో, కూలివాడు నీ సహోదరుడైనా నీ దేశంలో ఉన్న పరదేశి అయినా పొద్దుగూకకముందే కూలి ఇచ్చెయ్యాలి, వాడి ప్రాణం దాని మీదే పెట్టుకుని ఉన్నాడు అని ఉంది. ఈ రెండు వాక్యాల మధ్య నేను రెండోదాని వైపు నిలబడ్డాను. క్రీస్తు ఎటు నిలబడేవాడో నాకు అనుమానం లేదు.

పొద్దుగూకకముందు ఇవ్వాల్సింది జీతం ఒక్కటే కాదు. ఈ దేశంలో చాలామంది యజమానులు ఐ-140 ఆమోద పత్రం కాపీ ఉద్యోగికి ఇవ్వరు. పిటిషన్ వేసింది మేం, అది మా కాగితం అంటారు. చట్టప్రకారం అది తప్పు కాకపోవచ్చు. కానీ రేపు ఇంకో చోట తన వంతు తేదీ నిలుపుకోవడానికి ఆ కాగితమే ఆధారం. అలాగే ఎక్స్‌పీరియన్స్ లెటర్. కొత్త యజమాని పెర్మ్ మొదలుపెడితే, ఈ మనిషి ఫలానా సంవత్సరాల్లో ఫలానా పనులు చేశాడని పాత యజమాని రాసిచ్చిన ఉత్తరం కావాలి. దానికోసం నెలల తరబడి తిప్పించుకుంటున్న వాళ్ళను మా సంఘంలోనే చూశాను. "చూద్దాంలే, హెచ్ఆర్‌కి చెబుతాను" అంటారు, అంతే. మందలోంచి, కళ్ళంలోంచి ఇచ్చి పంపమంటే ఈ కాలంలో మాలాంటివాళ్ళకు అర్థం ఇదే అని నాకు తోచింది.

కాకినాడ అబ్బాయి వెళ్తానని చెప్పిన రోజు అతని నీలం ఫైలు తీసి బల్ల మీద పెట్టాను. ఐ-140 ఆమోద పత్రం, పెర్మ్ దరఖాస్తు, హెచ్-1బి ఆమోదాలన్నీ కాపీలు తీయించాను. ఉత్తరం నేనే టైపు చేశాను. ఉద్యోగం పేరు, తేదీలు రాసి వదిలెయ్యలేదు: కాంక్రీటు పరీక్షలు, మరమ్మతు డిజైను, ఏ సాఫ్ట్‌వేర్ మీద ఏ లెక్కలు చేశాడు, ఎంతమంది పనిని చూసుకున్నాడు, అన్నీ వివరంగా. లైసెన్సు బోర్డుకు కావలసిన రిఫరెన్సు కూడా నింపాను. గ్యారేజీ దూలం సంగతి ప్రత్యేకంగా రాశాను. అతను అప్పుడు కూర్చుని చదువుకున్నాడు. "నీ రుణం ఇక్కడేం లేదు నాన్నా. ఉంటే గింటే మా వైపే కాస్త మిగిలుంది" అన్నాను. నమ్మాడో లేదో తెలియదు. మనవాళ్ళలో కృతజ్ఞత అంత లోతుగా ఉంటుంది, ఒక్క మాటతో పోదు. పోవాలని నేను కోరుకోవడం లేదు కూడా. దేవుడికి చెప్పుకునే కృతజ్ఞత మనిషిని నిటారుగా నిలబెడుతుంది. మనిషికి భయంతో చెప్పే కృతజ్ఞత నడుము వంచుతుంది. సాక్ష్యం చెప్పేటప్పుడు ఆ పిల్లలు మొదటిది చెప్పి ఆపితే చాలు.

లాబాను కథ కొట్లాటతో ముగియలేదని కూడా చెప్పాలి. ఇద్దరూ రాళ్ళు కుప్పగా పోసి, దాని మీద కలిసి భోంచేసి, ఒకరి హద్దు ఒకరు దాటి కీడు చేయబోమని ఒడంబడిక చేసుకున్నారు. తెల్లవారి లాబాను కూతుళ్ళను, మనవల్ని ముద్దుపెట్టుకుని, దీవించి, తన ఊరికి తిరిగి వెళ్ళాడు. అతనికి కూడా చివరికి విడిచిపెట్టడం వచ్చింది. దానికి దేవుడు కలలో హెచ్చరించాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

ఇప్పుడు మా ఆఫీసులో వరంగల్ అమ్మాయికి పెర్మ్ మొదలుపెడుతున్నాం. ఈసారి ఆమె చేత మూడేళ్ళు ఉంటానని కాగితం రాయించుకుందామని నా భాగస్వామి అన్నారు. ముందే వెళ్ళిపోతే జరిమానా అనడం హెచ్-1బి నియమాల్లో కుదరదు; నష్టపరిహారం పేరుతో ఏవో షరతులు రాష్ట్ర చట్టాన్నిబట్టి పెట్టుకోవచ్చని లాయరు చెప్పారు. నా భాగస్వామి అడగడంలో అన్యాయమేమీ లేదు. ఇద్దరు మనుషులు ఒకేసారి వెళ్ళిపోతే మా అంతటి ఆఫీసు నిజంగానే కుదేలవుతుంది, ఆయన ఇల్లు కూడా తాకట్టులో ఉంది. రెండు వారాలు మాట్లాడుకున్నాం. చివరికి కాగితం వద్దనుకున్నాం. వెళ్ళాలనిపిస్తే రెండు నెలల ముందు చెప్పమని నోటితో అడుగుదాం, ఆ రెండు నెలల్లో ఆమెకు వ్యతిరేకంగా ఏమీ చెయ్యమని మనం మాటిద్దాం అని ఆయనే అన్నారు. సోమవారం ఆమెను పిలిచి ఇద్దరం కలిసి చెప్పాం. ఐ-140 వచ్చిన రోజే కాపీ ఇస్తారా అని ఆమె అడిగింది. ఇస్తామన్నాం.